పని అయ్యాక అందిన చెక్కు: నగర పాలకుల నీతి నియమాల్లో ఏం మారాలి?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న నగరం ఉంది. 2013లో ఆ నగరానికి చెత్త లారీలు అవసరమయ్యాయి. సుమారు 11 లక్షల డాలర్ల విలువైన కాంట్రాక్టులు ఒక స్థానిక ట్రక్కుల కంపెనీకి దక్కాయి. మరుసటి ఏడాది అదే కంపెనీ మేయర్ జేమ్స్ స్నైడర్‌కు 13,000 డాలర్లు ఇచ్చింది. అది కన్సల్టింగ్ ఫీజు అని ఆయన, కాదు కాంట్రాక్టు ఇప్పించినందుకు ప్రతిఫలం అని ప్రాసిక్యూటర్లు వాదించారు. జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచిన తీర్పులో కోర్టు తేల్చింది ఇదీ: స్థానిక అధికారులకు వర్తించే ఆ ఫెడరల్ చట్టం పనికి ముందు కుదిరిన లంచాన్నే పట్టుకుంటుంది. పని అయిపోయాక కృతజ్ఞతగా ఇచ్చిన దాని జోలికి పోదు. అలాంటివాటిని ఎంతవరకు ఒప్పుకోవాలో రాష్ట్రాలు, నగరాలే తేల్చుకోవాలి.

తీర్పు మంచిచెడ్డల మీద న్యాయ నిపుణులు ఎంతైనా వాదించుకోవచ్చు. నగర పాలనకు సంబంధించినంత వరకు దాని ఫలితం మాత్రం స్పష్టంగానే ఉంది. క్రిమినల్ చట్టం ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి నగరం సొంతంగా రాసుకున్న నీతి నియమాలే దిక్కు. 'నేనేమీ అడగలేదు, పని అయ్యాక వాళ్లే సంతోషంగా ఇచ్చారు' అనే మాటకు అడ్డుకట్ట వేయాల్సింది అవే. మరి వాటిని ఆమోదించేది ఎవరు? వాటికి కట్టుబడాల్సిన మేయర్, కౌన్సిల్ సభ్యులే. సంస్కరణల చిక్కుముడి అంతా ఇక్కడే పడింది. అందుకే ఏదైనా కుంభకోణం బయటపడిన ప్రతిసారీ బహుమతి పరిమితి 100 డాలర్లా 50 డాలర్లా అన్న చర్చ జోరుగా సాగుతుంది. నియమం తప్పితే అడిగేది ఎవరు, అడిగేవాడికి జీతమిచ్చేది ఎవరు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సభలో గొంతులు తగ్గిపోతాయి.

దేశ స్థాయి మంత్రికీ నగర కౌన్సిల్ సభ్యుడికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. మంత్రి సంతకం చేసే విధానం వల్ల లాభపడేవాళ్లు లక్షల్లో ఉంటారు. కౌన్సిల్ సభ్యుడి ముందుకొచ్చేది ఒక స్థలం, ఒక వీధి, ఒక బిల్డర్ ఫైలు. ఫలానా ప్లాట్‌లో ఎన్ని అంతస్తులు వేయొచ్చు, ఫలానా పార్కింగ్ కాంట్రాక్టు ఎవరికివ్వాలి లాంటివి. లాభపడే మనిషి పేరు ఫైలు మీదే రాసి ఉంటుంది. చాలాసార్లు అతను తెలిసినవాడే అయి ఉంటాడు. దానికి తోడు ఎన్నో నగరాల్లో కౌన్సిల్ పదవి పార్ట్‌టైమ్ పని, జీతం అంతంతమాత్రం. సభ్యుడికి పక్కన లా ప్రాక్టీసో, రియల్ ఎస్టేట్ వ్యాపారమో, ఇన్సూరెన్స్ ఏజెన్సీయో నడుస్తూ ఉంటుంది. అది తప్పు కాదు. సొంత వ్యాపారం, పదవి ఒకే ఫైలులో ఎదురుపడినప్పుడే సమస్య. పరస్పర విరుద్ధ ప్రయోజనాలు అనే మాటకు అర్థం ఇదే. అలాంటి పరిస్థితి ఎదురవడం అవినీతి కాదు, ఎదురయ్యాక ఏం చేశారన్నదే లెక్క.

దీనికి దాదాపు అన్ని నగరాల్లోనూ ఉన్న మందు ఒకటే: సంబంధం ఉందని ప్రకటించి, ఓటింగ్ నుంచి తప్పుకోవడం. ఆ మందు ఎంతవరకు పనిచేస్తుందో చూడాలంటే షికాగోలో ఎడ్వర్డ్ బర్క్ కథ చాలు. 1969 నుంచి 2023 దాకా 54 ఏళ్లు ఆయన నగర కౌన్సిల్‌లో ఉన్నారు. దశాబ్దాల పాటు ఆర్థిక కమిటీకి అధ్యక్షుడు. అదే సమయంలో ఆయన లా ఫర్మ్ పెద్ద పెద్ద భవనాల యజమానుల తరఫున ఆస్తి పన్ను తగ్గించమని అప్పీళ్లు వేసేది. ఒక భవనానికి పన్ను తగ్గితే ఆ భారం మిగతా ఇళ్లవాళ్ల మీద పడుతుంది. అంటే పగలంతా నగర ఖజానాకు కాపలా కాసే మనిషే, తన ఆఫీసుకెళ్లి ఆ ఖజానాకు ఎదురు కక్షిదారుల వైపు నిలబడేవారన్నమాట. అయినా రూల్ తప్పలేదు. క్లయింట్ ఫైలు వచ్చినప్పుడల్లా ఓటింగ్ నుంచి తప్పుకునేవారు. అలా తప్పుకున్నది వందల సార్లు. కాగితం మీద చూస్తే ఆయనంత నియమబద్ధుడు లేడనిపిస్తుంది.

2023 డిసెంబర్‌లో జ్యూరీ ఆయన్ని లంచగొండితనం, బెదిరించి వసూలు చేయడం వంటి నేరాల్లో దోషిగా తేల్చింది. నగరంతో పని పడినవాళ్లను తన లా ఫర్మ్‌కు పన్ను కేసులు ఇచ్చేలా ఒత్తిడి చేశారన్నది అభియోగాల సారాంశం. తన వార్డులో ఒక ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్ మరమ్మతులకు అడ్డం పడటం అందులో ఒకటి. 2024 జూన్‌లో రెండేళ్ల జైలు, 20 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే చిక్కుకు 'తప్పుకోవడం' సరిపోతుంది. రోజూ ఎదురయ్యేదానికి సరిపోదు. వందల సార్లు తప్పుకోవాల్సి వచ్చిందంటే ఆ రెండు పనులూ ఒక మనిషి చేయదగ్గవి కావని అర్థం. 2019లో షికాగో ఆ మాటే ఒప్పుకుని, కౌన్సిల్ సభ్యులు ఇలాంటి ఆస్తి పన్ను కేసులు చేయకూడదని నిషేధించింది.

తప్పుకోవడం అంటే ఏమిటన్నది కూడా చాలా చోట్ల సరిగ్గా రాసుకోరు. ఓటు వేయకూడదు అని మాత్రమే ఉంటుంది. దాంతో సభ్యుడు కుర్చీలోనే కూర్చుంటాడు, చర్చలో నాలుగు మాటలు మాట్లాడతాడు, ఓటింగ్ సమయానికి మాత్రం చేతులు కట్టుకుంటాడు. అంతకు వారం ముందే ప్లానింగ్ అధికారికి ఫోన్ చేసి 'ఆ ఫైలు ఎందాకా వచ్చింది?' అని అడిగి ఉంటాడు. ఫోన్ ఎత్తిన అధికారికి ఆ ప్రశ్నలోని అసలు ప్రశ్న అర్థం కాకపోదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర చట్టం ఈ విషయంలో కాస్త మెరుగు. ఓటు వేయకూడదు, చర్చలో పాల్గొనకూడదు, సమావేశానికి ముందు గానీ తర్వాత గానీ ఓటింగ్‌ను ప్రభావితం చేసే ప్రయత్నం కూడా చేయకూడదు. సంబంధాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలి, ఆ ప్రకటనలను ఎవరైనా చూసేలా రిజిస్టర్‌లో పెట్టాలి.

నియమం ఎంత బాగా రాసుకున్నా, తప్పితే వేసే శిక్ష తప్పుకు తగ్గట్టు లేకపోతే ఏమవుతుందో అదే ఒంటారియోలోని టొరంటో నగరం చూపించింది. ఈ ఉదంతం కాస్త వివరంగా చెప్పుకోదగ్గది.

టొరంటోలో 1999 నాటి కంప్యూటర్ల లీజు వ్యవహారం పెద్ద కుంభకోణమైంది. దాని మీద జస్టిస్ డెనిస్ బెలామీ విచారణ జరిపి 2005లో నివేదిక ఇచ్చారు. ఆ విచారణ నడుస్తుండగానే నగరం ఇంటిగ్రిటీ కమిషనర్ పదవిని సృష్టించింది. కౌన్సిల్ సభ్యుల నడవడి మీద వచ్చే ఫిర్యాదులను చూసే అధికారి అన్నమాట. 2010లో కౌన్సిలర్‌గా ఉన్న రాబ్ ఫోర్డ్ తన పేరు మీద నడిచే ఫుట్‌బాల్ ఫౌండేషన్‌కు విరాళాలు అడుగుతూ నగర లెటర్‌హెడ్ మీద ఉత్తరాలు రాశారు. ఇచ్చినవాళ్లలో నగరంతో పనులున్నవాళ్లు, లాబీయిస్టులు (డబ్బు తీసుకుని ఇతరుల తరఫున అధికారుల దగ్గర పైరవీ చేసేవాళ్లు) ఉన్నారు. మొత్తం 3,150 కెనడా డాలర్లు. సొమ్ము ఆయన జేబులోకి పోలేదు, హైస్కూల్ పిల్లల ఫుట్‌బాల్ కోసమే. అయినా పదవిని వాడుకుని అడగడం తప్పని కమిషనర్ తేల్చారు. ఆ డబ్బు సొంతంగా తిరిగి కట్టమని కౌన్సిల్ ఆదేశించింది. ఆయన కట్టలేదు. ఇంతలో మేయర్ అయ్యారు. 2012 ఫిబ్రవరిలో ఆ ఆదేశాన్ని రద్దు చేసే తీర్మానం కౌన్సిల్ ముందుకొస్తే లేచి మాట్లాడారు, ఓటు కూడా వేశారు. తన మీద ఉన్న బాకీని రద్దు చేసే తీర్మానానికి తానే ఓటు వేసుకోవడం అది.

ఒక పౌరుడు కోర్టుకెళ్లారు. అప్పటి చట్టం ప్రకారం ఉల్లంఘన రుజువైతే, అది పొరపాటున జరిగిందనో, మరీ స్వల్పమైనదనో తేలితే తప్ప, జడ్జి చేతిలో ఉన్న శిక్ష ఒక్కటే. పదవి ఊడాలి. మందలింపు లేదు, జరిమానా లేదు. 2012 నవంబర్‌లో జడ్జి ఆ శిక్షే వేశారు. దేశంలోనే అతిపెద్ద నగరానికి లక్షల ఓట్లతో గెలిచిన మేయర్, 3,150 డాలర్ల వ్యవహారంలో పదవి కోల్పోయే స్థితి. 2013 జనవరిలో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అసలు అలా డబ్బు కట్టమనే అధికారమే కౌన్సిల్‌కు లేదు కాబట్టి, ఆయనకు ఆర్థిక ప్రయోజనమూ లేనట్టేనన్నది కారణం. అంటే ఏదో ఒక మార్గం వెతికి వదిలేయాలి, లేదంటే ఉరితీయాలి అన్నట్టు తయారైంది. శిక్ష మరీ పెద్దదైతే వేసే చేతులే వెనకాడతాయి. ఒంటారియో ఆ చట్టాన్ని 2017లో సవరించింది. మందలింపు నుంచి, 90 రోజుల వరకు జీతం నిలిపేయడం, పదవి నుంచి తొలగించడం దాకా శిక్షలో మెట్లు పెట్టింది. ప్రతి మునిసిపాలిటీకీ నియమావళి, ఇంటిగ్రిటీ కమిషనర్ సేవలు తప్పనిసరి చేసింది. ఆ మార్పులు 2019లో అమల్లోకి వచ్చాయి.

ఇంగ్లండ్ సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో వెళ్లింది. అక్కడ స్థానిక సంస్థల సభ్యుల మీద ఫిర్యాదులు చూసే జాతీయ స్థాయి బోర్డు ఒకటి ఉండేది. అల్పమైన ఫిర్యాదులతో నిండిపోయిందన్న విమర్శతో 2011 చట్టం దాన్ని ఎత్తేసింది. ఆర్థిక ప్రయోజనాన్ని దాచిపెడితే నేరం అంటూ ఒక సెక్షన్ పెట్టారు కానీ, దానికి తక్కువ స్థాయి తప్పుల విషయంలో కౌన్సిల్ చేతిలో సభ్యుణ్ని సస్పెండ్ చేసే అధికారం కూడా లేకుండా పోయింది. తీర్మానం చేసి తప్పని చెప్పొచ్చు, క్షమాపణ అడగొచ్చు. ఆ సభ్యుడు 'చెప్పను' అంటే అంతే సంగతులు. ప్రజా జీవితంలో ప్రమాణాలను పరిశీలించే కమిటీ 2019 జనవరిలో ఆరు నెలల దాకా సస్పెండ్ చేసే అధికారం తిరిగి ఇవ్వాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం దాని మీద ప్రజాభిప్రాయం కోరేసరికి 2024 డిసెంబర్ వచ్చింది.

శిక్షల సంగతి అలా ఉంటే, విచారించేవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. నీతి నియమాల ఫిర్యాదులు చూసే సంస్థకు ఎథిక్స్ కమిషన్ అనే పేరు పెట్టగానే అది స్వతంత్ర సంస్థ అయిపోదు. మూడు విషయాలు చూడాలి: సభ్యులను ఎవరు నియమిస్తారు, బడ్జెట్ ఎవరు ఇస్తారు, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తాను విచారణ మొదలుపెట్టగలదా. న్యూయార్క్ నగర కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ఇంట్రెస్ట్ (పరస్పర విరుద్ధ ప్రయోజనాల) బోర్డులో ఐదుగురు సభ్యులు. చాలాకాలం ఐదుగురినీ మేయరే నియమించేవారు. 2019లో ఓటర్లు ఒప్పుకున్నాక రెండు స్థానాలు కంప్ట్రోలర్‌కు (నగర లెక్కలు చూసే అధికారి), పబ్లిక్ అడ్వకేట్‌కు (ప్రజల ఫిర్యాదులు చూసే ఎన్నికైన ప్రతినిధి) చెరొకటి వెళ్లాయి. న్యూ ఆర్లీన్స్ ఇంకో దారి పట్టింది. అక్కడి ఎథిక్స్ రివ్యూ బోర్డులో ఏడుగురిలో ఆరుగురిని స్థానిక యూనివర్సిటీల అధ్యక్షులు పంపిన జాబితాల నుంచే మేయర్ ఎంచుకోవాలి.

నియామకాల కంటే నిశ్శబ్దంగా పనిచేసే ఆయుధం బడ్జెట్. కమిషన్‌ను రద్దు చేస్తే పత్రికలు గోల చేస్తాయి. ఖాళీ అయిన ఇన్వెస్టిగేటర్ పోస్టును రెండేళ్లు భర్తీ చేయకపోతే ఎవరూ పట్టించుకోరు. ఫైళ్లు పేరుకుపోతాయి, విచారణ తేలేసరికి సదరు సభ్యుడి పదవీకాలమే అయిపోతుంది. కౌన్సిల్ మీద విచారణ జరిపే సంస్థ ఏటా అదే కౌన్సిల్ ముందు నిలబడి డబ్బు అడగాలంటే ఎంత గట్టి మనిషికైనా నోరు పెగలడం కష్టం. న్యూ ఆర్లీన్స్ 2008లో దీనికి నేరుగా పరిష్కారం రాసుకుంది. నగర జనరల్ ఫండ్‌లో 0.75 శాతం ఎథిక్స్ బోర్డుకు, అక్రమాలను విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయానికి ఇచ్చి తీరాలని నగర చార్టర్‌లోనే (నగర పాలనకు రాజ్యాంగం లాంటి పత్రం) చేర్చారు. లాస్ ఏంజెలెస్ ఓటర్లు 2024 నవంబర్‌లో తమ ఎథిక్స్ కమిషన్‌కు కనీస బడ్జెట్ హామీ ఇచ్చి, జరిమానాలు పెంచారు. మొత్తం సంస్కరణల్లో ఒకే ఒక్కటి ఎంచుకోమంటే ఎంచుకోవాల్సింది ఇదే. మిగతావన్నీ దీని మీద నిలబడేవే.

ఈ సంస్థలు శిక్షించడం కోసమే అనుకోవడం కూడా సరి కాదు. వాటి రోజువారీ పనిలో ఎక్కువ భాగం సలహా ఇవ్వడమే. 'మా అక్క కొడుకు పనిచేసే కంపెనీ టెండర్ వేసింది, నేను కమిటీలో ఉండొచ్చా?' అని ఒక ఉద్యోగి ఫోన్ చేసి అడిగితే ఆ రోజే జవాబు దొరకాలి. దొరికితే తర్వాత కేసే ఉండదు. సలహాకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాసియో 2019లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ రాష్ట్రాలు తిరిగారు. వెంట పోలీసు రక్షణ సిబ్బంది ఉన్నారు. వాళ్ల జీతాలు నగరం ఇవ్వొచ్చు కానీ, ప్రచార యాత్రల ప్రయాణ ఖర్చులు నగరం మీద వేయకూడదని ఆ నగర కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ఇంట్రెస్ట్ బోర్డు ముందే చెప్పింది. ఆ సలహాను పక్కన పెట్టారు. 2023లో బోర్డు దాదాపు 3,20,000 డాలర్లు తిరిగి కట్టమని, పైన 1,55,000 డాలర్లు జరిమానా కట్టమని ఆదేశించింది. తర్వాత సెటిల్‌మెంట్‌లో జరిమానా బాగా తగ్గిందనుకోండి, అది వేరే సంగతి. 'నాకు తెలియదు' అనే వాదనకు మాత్రం చోటు లేకుండా పోయింది.

ఇక బహుమతులు. కాఫీ, భోజనం, క్రికెట్ టికెట్టో ఫుట్‌బాల్ టికెట్టో, వీటి మీద పరిమితులు ఉండాల్సిందే. కాకపోతే తెలివైనవాళ్లు ఆ తలుపు దగ్గర నిలబడరు. శాన్ ఫ్రాన్సిస్కో పబ్లిక్ వర్క్స్ డైరెక్టర్ మొహమ్మద్ నూరు 2020 జనవరిలో అరెస్టయ్యారు, 2022లో ఏడేళ్ల జైలు శిక్ష పడింది. ఆయనకు అందినవాటిలో ఖరీదైన వాచీ, ట్రాక్టర్, ఊరవతల ఇంటి పనులు చేసిపెట్టిన కాంట్రాక్టర్ల శ్రమ ఉన్నాయి. ఇవన్నీ పాత పద్ధతులే. అసలు గమనించాల్సింది ఇంకొకటి. నగరంలో చెత్త సేకరించే రీకాలజీ సంస్థ ఛారిటీల ద్వారా పంపిన డబ్బుతో ఆయన శాఖ పండగ పార్టీలు జరిగేవి. ఆ సంస్థ వసూలు చేసే చెత్త రేట్లను అప్పట్లో పర్యవేక్షించేది ఆ శాఖే. ప్రజల దగ్గర ఎక్కువగా వసూలు చేసిన సుమారు 9.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి రీకాలజీ 2021లో ఒప్పుకుంది. ఇక్కడ బహుమతి వ్యక్తికి కాదు, శాఖకు. ఇచ్చింది నేరుగా కాదు, ఛారిటీ ద్వారా. బహుమతి నియమం ఎంత కఠినంగా ఉన్నా దీన్ని పట్టుకోలేదు. అందుకే తన దగ్గర పని ఉన్నవాళ్లను అధికారి ఏ మంచి పని కోసమూ విరాళం అడగకూడదన్న నియమం వేరుగా రాసుకోవాల్సి వచ్చింది. 2022 జూన్‌లో అక్కడి ఓటర్లు ఆ నిబంధనలను ఇంకా బిగించారు. టొరంటోలో రాబ్ ఫోర్డ్ రాసిన విరాళాల ఉత్తరాల్లోని మెలిక కూడా ఇదే. మంచి పనికే కదా అన్న సమర్థన వినగానే ఎదుటివాళ్లు మెత్తబడతారు.

నీతి నియమాల చేతికి అందని చోటు ఇంకొకటి ఉంది: ఒక్క మనిషి తల ఊపితే పని జరిగే వ్యవస్థ. లాస్ ఏంజెలెస్‌లో 1990లోనే ఓటర్లు ఎథిక్స్ కమిషన్‌ను ఏర్పాటు చేసుకున్నారు. అయినా నగర కౌన్సిల్‌లో భూవినియోగ కమిటీకి అధ్యక్షుడైన హోసే హ్యూజార్ డెవలపర్ల నుంచి లంచాలు తీసుకున్నారు. 2018లో ఎఫ్‌బీఐ సోదాల్లో ఆయన ఇంట్లో 1,29,000 డాలర్ల నగదు దొరికింది. 2024 జనవరిలో 13 ఏళ్ల శిక్ష పడింది. ఒక్క సభ్యుడికి అంత డబ్బు ఎందుకిచ్చారంటే, ఆయన డివిజన్‌లో ఏ భవనం లేవాలన్నా ఆయన మాటే చెల్లుబాటయ్యేది. నా వార్డులో నువ్వు వేలు పెట్టకు, నీ వార్డులో నేను పెట్టను అనే అలిఖిత ఒప్పందం చాలా కౌన్సిళ్లలో ఉంది. షికాగోలో దానికి పేరు కూడా ఉంది, ఆల్డర్మన్ (అంటే కౌన్సిల్ సభ్యుడు) ప్రత్యేకాధికారం అని. 2019 మేలో మేయర్ లోరీ లైట్‌ఫుట్ బాధ్యతలు చేపట్టిన మొదటి రోజే పర్మిట్ల విషయంలో శాఖలు ఈ అలవాటును పాటించకూడదని ఉత్తర్వు ఇచ్చారు. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న నిర్ణయం) విషయంలో మాత్రం అది కౌన్సిల్ చేతిలోనే ఉండిపోయింది. ఏ చట్టంలోనూ రాసి లేని అధికారాన్ని ఏ సవరణతో తీసేయాలి? నిబంధనకు సరిపోయిన భవనానికి ఎవరి దయా లేకుండా, నిర్ణీత గడువులో అనుమతి వచ్చే ఏర్పాటు చేయడమే మార్గం. అది ప్లానింగ్ శాఖ పనిగా కనిపిస్తుంది కానీ, నీతి నియమాల సంస్కరణలో అదీ ముఖ్యమైన అంశమే.

సంస్కరణ శ్రుతి మించే ప్రమాదమూ ఉంది. చిన్న పట్టణాల్లో పార్కుల కమిటీలోనో లైబ్రరీ బోర్డులోనో జీతం లేకుండా పనిచేసేవాళ్లను కూడా భార్యాభర్తల బ్యాంకు ఖాతాలు, షేర్లు అన్నీ బయటపెట్టమంటే వాళ్లు దణ్ణం పెట్టి తప్పుకుంటారు. పెద్ద కాంట్రాక్టులు చూసేవాడికి ఒక ఫారం, మొక్కలు నాటే కమిటీ సభ్యుడికి ఇంకో ఫారం ఉండాలి. ఎన్నికలు దగ్గర పడగానే ప్రత్యర్థి మీద ఫిర్యాదు పడేసి, 'ఆయన మీద విచారణ జరుగుతోంది' అని కరపత్రం వేయడం కూడా అందరికీ తెలిసిన ఎత్తే. ఒంటారియోలో నామినేషన్ల గడువు ముగిసిన రోజు నుంచి పోలింగ్ దాకా కొత్త విచారణలు మొదలుపెట్టకుండా నిబంధన ఉంది. నిజమైన ఫిర్యాదు కూడా ఆ కొద్ది వారాలు ఆగాల్సి వస్తుంది నిజమే, కానీ ఆ నష్టం భరించదగ్గదే.

కొత్త నియమం వచ్చిందన్న వార్త కనిపించినప్పుడు మొదట చూడాల్సింది అది ఎప్పటి నుంచి అమలవుతుందన్నది. లాస్ ఏంజెలెస్ కౌన్సిల్ డెవలపర్ల ఎన్నికల విరాళాలను నిషేధిస్తూ 2019 డిసెంబర్‌లో ఆమోదం తెలిపింది. అమలు 2022 జూన్ నుంచి. న్యూయార్క్‌లో పదవి దిగిన పెద్ద అధికారులు పాత కార్యాలయంతో పనుల కోసం రాకూడదన్న నిషేధాన్ని 2019లో ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. అది కూడా 2022 జనవరి 1 తర్వాత పదవి వదిలేవాళ్లకే వర్తిస్తుంది. నగరంలో మేయర్, కౌన్సిల్ సభ్యుల్లో చాలామంది పదవీకాలం అంతకు ఒక్క రోజు ముందు, 2021 డిసెంబర్ 31తో ముగిసింది.